మాత్ర వేస్తే ప్రార్థన మీద నమ్మకం లేనట్టేనా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆవిడకి 36 ఏళ్లు. ఇంట్లో మిషన్ కుడతారు. భర్త కువైట్‌లో డ్రైవరు. ఒక్కతే కూతురు, 15 ఏళ్లు, పదో తరగతి. పాపకి పన్నెండో ఏట నుంచి ఫిట్స్. నరాల డాక్టరు రాసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేస్తుంటే ఎనిమిది నెలల పాటు ఒక్కసారి కూడా రాలేదు. రెండు నెలల క్రితం స్వస్థత కూటంలో పాస్టరు గారు పాప తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించి, "స్వస్థత అయిపోయింది, ఇక మాత్ర వేస్తే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నారు. ఆ రాత్రే మాత్రలు ఆపేశారు. ఆ ఆదివారం మందిరంలో పాప బాగుపడిందని సాక్ష్యం చెప్పి, పాపకి పూర్తిగా నయమైతే దాని చదువు కోసం దాచిన రెండు కాసుల గొలుసు మందిరానికి ఇస్తానని అందరి ముందూ మొక్కుకున్నారు. మాత్రలు ఆపిన తొమ్మిదో రోజున పాపకి స్కూలు మెట్ల మీద ఫిట్స్ వచ్చి పెదవి చిట్లింది. అదే రాత్రి ఇంట్లో ఇంకోసారి వచ్చింది. అప్పట్నుంచి ఆవిడ పాత మాత్రని సగానికి విరిచి, పొడి చేసి, పాలల్లో కలిపి ఇస్తున్నారు. సంఘంలో ఎవరికీ తెలియదు. పాపకీ తెలియదు. మూడు వారాల క్రితం మళ్లీ వచ్చింది.

పాస్టరు గారు విశ్వాసం చాలలేదని చెప్పి 40 రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకోమన్నారు. ఉత్తరం రాసేనాటికి 23వ రోజు. రోజుకి ఒక్క పూటే, అదీ దీపాలు పెట్టాక. పాప చేత కూడా శుక్రవారాలు మూడింటి దాకా ఉపవాసం చేయిస్తున్నారు, ఆ రాత్రంతా మందిరంలో మెలకువ. అత్తగారు గాలి సోకిందంటున్నారు, ఎవరో భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామంటున్నారు. భర్త ఫోన్లో, "హాస్పిటల్ ఫీజు కూడా మీ పాస్టరునే కట్టమను" అని పెట్టేశారట. మొన్న జడ వేస్తుంటే పాప అడిగిందట: "అమ్మా, నాలో దయ్యం ఉందా?" ఆ రోజు నుంచి మోకాళ్లేస్తే మాట రావడం లేదంటున్నారు. మాత్ర ఇవ్వడం పాపమా, మొక్కు తీర్చాలా, సంఘం మారాలా, అసలు ప్రార్థన ఎలా చెయ్యాలి అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో లైను: "వచ్చే శుక్రవారం రాత్రి ప్రార్థనకి పాపని తప్పకుండా తీసుకురమ్మన్నారు. ఏం చెప్పను?"

సమాధానం:

అమ్మా, మీరడిగిన వరసలో కాకుండా మాత్ర దగ్గర మొదలుపెడతాను. మిగతావి వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగేది కాదు.

మీరు పాలల్లో కలుపుతున్న సగం మాత్రతో రెండు చిక్కులున్నాయి. ఫిట్స్ మాత్రల్లో కొన్ని పన్నెండు గంటలో, రోజంతానో మెల్లగా కరిగేలా చేసినవి. అట్ట మీద పేరు పక్కన సీఆర్ అనో, ఈఆర్ అనో, ఎక్స్‌ఆర్ అనో ఉంటుంది. వాటిని పొడి చేస్తే మందంతా ఒక్కసారే రక్తంలోకి దిగి, తర్వాత గంటల్లో చాలినంత మిగలదు. రెండోది మోతాదు. ఆ బరువుకి, ఆ వయసుకి డాక్టరు లెక్కగట్టింది రెండు మాత్రలైతే, మీ సగం ఏ లెక్కకీ రాదు. ఫిట్స్‌ని ఆపడానికి చాలదు, మందు వేస్తున్నామన్న ధైర్యం మాత్రం మీకిస్తుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే పూర్తి మాత్ర వెయ్యకండి. లామోట్రిజిన్ లాంటి మందుని కొన్నాళ్లు ఆపి ఒక్కసారిగా పూర్తి మోతాదుతో మొదలుపెడితే ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే అవకాశం ఉంది, చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. పాత చీటీ తీసి, అది రాసిన డాక్టరుకి రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యండి. దొరక్కపోతే జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. ఏ రోజున ఆపారు, ఏ రోజు నుంచి సగం ఇస్తున్నారు, ఫిట్స్ ఏ తేదీల్లో, ఎంతసేపు వచ్చింది, ఒక కాగితం మీద రాసుకెళ్లండి. సిగ్గుపడి "ఒకటి రెండు రోజులు మర్చిపోయాం" అనకండి. అలా చెబితే ఆ మందు పని చెయ్యలేదనుకుని డాక్టరు ఇంకో మందు కలుపుతారు, పాప అక్కర్లేని మాత్ర మింగుతుంది. మందు ఖర్చు బరువైతే జనరిక్ దొరుకుతుందా అని అడగండి. ఒకసారి మొదలుపెట్టాక నెలకో కంపెనీ మాత్రం మార్చకండి. చీటీలో వాల్‌ప్రోయేట్ అని ఉంటే ఇంకో మాట కూడా అడగాలి. ఆ మందు రేపు పెళ్లయి గర్భం వచ్చినప్పుడు కడుపులో బిడ్డకి హాని చెయ్యవచ్చు. ఆడపిల్లకి వేరే మందు కుదురుతుందేమో డాక్టరే చూస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

మళ్లీ వస్తే ఏం చెయ్యాలో మీ అత్తగారికి, పాప క్లాసు టీచరుకి కూడా చెప్పి ఉంచండి. గడియారం చూడాలి. పక్కన గట్టి వస్తువులు తీసెయ్యాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టకూడదు. తాళంచెవి, ఉల్లిపాయ, చెప్పు వాసన, ఇవేవీ ఫిట్స్‌ని ఆపవు. రెండు నిమిషాల్లో దానంతట అది ఆగేదానికి తాళంచెవి పేరు తెచ్చుకుంది, అంతే. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి మొదలైనా, ఊపిరి తేడాగా ఉన్నా, తలకి దెబ్బ తగిలినా 108కి ఫోన్ చెయ్యాలి. కొన్నాళ్లు బాత్రూం గడియ లోపల పెట్టుకోనివ్వకండి. పొయ్యి దగ్గర, చెరువు గట్టున ఒంటరిగా వద్దు.

ఇంతకీ తొమ్మిదో రోజున ఎందుకొచ్చిందంటే, పాప విశ్వాసం తగ్గి కాదు, మీది తగ్గీ కాదు. మెదడులో కణాలు చిన్నపాటి కరెంటుతో మాట్లాడుకుంటాయి. ఫిట్స్‌లో అవన్నీ వంతు లేకుండా ఒకేసారి మోగుతాయి. మాత్ర ఆ మోతని అదుపులో పెడుతుంది. మాత్ర ఆగిన కొద్ది రోజుల్లోనే మందు రక్తంలోంచి పోతుంది, అణిగి ఉన్నది రెట్టింపు జోరుతో పైకి లేస్తుంది. ఎనిమిది నెలలు రాలేదంటే జబ్బు పోయిందని అర్థం కాదు, మందు సరిగ్గా కుదిరిందని అర్థం. సరైన మందు దొరికితే పది మందిలో ఏడుగురికి ఇలా పూర్తిగా ఆగుతుంది. ఆ ఏడుగురిలో మీ పాప ఉన్నట్టు కనబడుతోంది.

ఇక "మాత్ర వేస్తే నమ్మనట్టే" అన్న మాటకొద్దాం. దీనికి బైబిల్లోంచే జవాబు చెబుతాను, ఎందుకంటే మీకు భయం పుట్టించిందీ వాక్యం పేరు చెప్పే.

హిజ్కియా రాజు చావుబతుకుల్లో గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విని ఇంకా 15 ఏళ్ల ఆయుస్సు ఇస్తానన్నాడు. రెండవ రాజులు 20వ అధ్యాయం. చాలామంది ప్రసంగం అక్కడ ఆపేస్తారు. దాని తర్వాతి వచనంలోనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయిస్తాడు. మాట ఇచ్చింది దేవుడు, కట్టు కట్టించింది ఆయన ప్రవక్త. ముద్ద వేస్తే నమ్మనట్టే అని యెషయాతో ఎవరూ అనలేదు. పౌలు చేతిగుడ్డలు తాకి రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు, తిమోతికి కడుపు జబ్బయితే గుడ్డ పంపలేదు, కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. తన వెంట వచ్చిన త్రోఫిము జబ్బుతో ఉంటే మిలేతు అనే ఊళ్లో వదిలి వెళ్లాడు. ఆయన వెంట తిరిగిన లూకా "ప్రియమైన వైద్యుడు". మన ప్రాంతపు క్రైస్తవమైతే మరీనూ. 1883లో గుంటూరుకి వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1900లో డాక్టరు ఐడా స్కడర్ వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇప్పుడెంత పెద్ద ఆసుపత్రైందో మీకు తెలుసు. ప్రార్థన చేసే చేత్తోనే మందు ఇచ్చినవాళ్లు నాటిన చెట్టు నీడలో కూర్చుని, మందు అవిశ్వాసమనడం నాకు వింతగా తోస్తుంది.

కానీ మీ విషయంలో నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించేది మత్తయి 8వ అధ్యాయంలోని కుష్ఠరోగి. యేసు అతన్ని ముట్టి బాగుచేశాక మూడు మాటలు చెప్పాడు, ఆ వరస చూడండి. ఎవరితోనూ ఏమీ చెప్పకు. వెళ్లి నీ దేహాన్ని యాజకునికి, అంటే గుడి పూజారికి, కనబరచుకో. తర్వాత కానుక సమర్పించు. ఆ చూపించుకోవడం ఎలాగో లేవీయకాండం 14లో ఉంది: యాజకుడు పాళెం బయటికి వెళ్లి పరీక్షించాలి, మనిషి ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి, ఏడో రోజు మళ్లీ క్షౌరం, స్నానం, కానుక ఎనిమిదో రోజున. ప్రభువు స్వయంగా ముట్టి బాగుచేసిన మనిషికే పరీక్ష తప్పలేదు. మీ ఇంట్లో ఈ వరస తలకిందులైంది. ముందు సాక్ష్యం చెప్పించారు, తర్వాత కానుక మొక్కించారు, పరీక్ష ఊసే లేదు. ఫిట్స్‌కి ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, మాత్రలు వేస్తూనే ఒక్క ఫిట్స్ కూడా రాకుండా కనీసం రెండేళ్లు గడవాలి. అప్పుడు డాక్టరు అవసరమైతే తల మీద తీగలు పెట్టి మెదడు కరెంటుని చూసే ఈఈజీ పరీక్ష తీయించి, నెలల తరబడి కొంచెం కొంచెంగా మందు తగ్గిస్తారు. ఆ తగ్గింపు నిలిస్తే అప్పుడు చెప్పండి సాక్ష్యం, మైకు పెట్టి చెప్పండి. స్వస్థత నిజమైతే పరీక్షకి తట్టుకుంటుంది. మాత్రలు కొనసాగిస్తే దేవుడు ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడని బైబిల్లో ఎక్కడా లేదు.

దయ్యం సంగతి. దయ్యం పట్టి విలవిల్లాడే కుర్రాణ్ణి యేసు బాగుచేసిన మార్కు 9వ అధ్యాయం పాస్టరు గారు చదివారని రాశారు. చదవవలసిన అధ్యాయమే, కానీ మొత్తం చదవాలి. మత్తయి 4వ అధ్యాయం 24వ వచనంలో యేసు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితా ఉంది: దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు. చాంద్రరోగమంటే ఆ రోజుల్లో ఫిట్స్‌కి పేరు. అది దయ్యం పట్టడంతో కలపకుండా విడిగా, పక్షవాతం పక్కన రాశారు. మార్కు 9లోని కుర్రాడికి రెండూ ఉన్నట్టు కథ చెబుతుంది. అందుకని ఫిట్స్ వచ్చిన ప్రతి పిల్లకీ దయ్యమే అనడం, ఒక గుడ్డివాడి కళ్ల మీద ప్రభువు బురద పూశాడు కదాని కళ్ల జబ్బుకల్లా బురదే మందు అనడం లాంటిది. పైగా ఆ అధ్యాయంలో యేసు ముందు ఆ తండ్రిని అడిగేది, "ఇది వీనికి సంభవించి యెంతకాలమైనది?" అని. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరుస్తాడు. సగం నమ్మకంతో వచ్చిన తండ్రి ఆయన. వెళ్లి నలభై రోజులు ఉపవాసం చేసి రా అని యేసు అనలేదు. కుర్రాణ్ణయితే విశ్వాసం గురించి ఒక్క ముక్క అడగలేదు. చివర్లో ప్రార్థన చాలలేదని చెప్పింది శిష్యులకి, అంటే స్వస్థపరచడానికి పూనుకుని చెయ్యలేకపోయినవాళ్లకి. ఆ వచనంలో "ఉపవాసము" అన్న మాట అతి పురాతన ప్రతుల్లో లేదు కూడా. మీ ఇంట్లో ఆ నింద ఎవరి మీద పడిందో చూసుకోండి.

పాప ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదనుకుంటాను. ఈ రోజే చెప్పండి, దాని కళ్లలోకి చూసి. "లేదమ్మా. నీ మెదడులో కరెంటు అప్పుడప్పుడు తప్పుతుంది, దానికి మందుంది. నేను భయపడి తప్పు చేశాను, మాత్ర ఆపాను, తర్వాత నీకు చెప్పకుండా పాలల్లో కలిపాను. ఇక నుంచి నీ మాత్ర నీ చేతికే ఇస్తాను." 15 ఏళ్ల పిల్ల ఇది అర్థం చేసుకుంటుంది. పాలల్లో కలిపిన సంగతి రేపు దానంతట అదే కనిపెడితే, మీ చేతి గ్లాసు ఇంకెప్పుడూ నమ్మి తాగదు. భూతవైద్యుడి దగ్గరికి వెళ్లేది లేదని అత్తగారితో తెగేసి చెప్పండి, కాకపోతే ఆవిణ్ణి కూడా డాక్టరు దగ్గరికి వెంటపెట్టుకెళ్లండి. కోడలు చెబితే వినని పెద్దావిడ డాక్టరు నోటి నుంచి వింటుంది.

మొక్కు మీద మీరు రెండు పేజీలు రాశారు. మొక్కుకుని ఎగ్గొడితే పాపమని ద్వితీయోపదేశకాండం 23లో ఉన్నమాట నిజమే. మీరన్నది "పూర్తిగా నయమైతే" అని. నయం కాలేదు. కాబట్టి ఇప్పటికి మీరు ఎవరికీ ఏమీ బాకీ లేరు. ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి. గొలుసు ఇప్పుడే ఇచ్చేస్తే అందరి ముందూ మాట నిలబడుతుంది, కానీ పాప కాలేజీ ఫీజు నాటికి అప్పు చెయ్యాలి, కువైట్లో ఉన్నాయనకి తెలిస్తే ఇంట్లో ఇంకో నిప్పు. రెండోది, షరతు తీరేదాకా ఆగడం. అడిగితే "డాక్టరు మందు మాన్పించిన రోజున చూద్దాం" అనొచ్చు. ఇది సబబైన మాట, కాకపోతే కొన్నేళ్ల పాటు ఆ గొలుసు మీ నెత్తి మీద వేలాడుతుంది. మూడోది, అడిగి మార్పించుకోవడం. మొక్కుకున్నవాడు బీదవాడైతే వాడి తాహతుని బట్టి యాజకుడు వెల తగ్గించాలని లేవీయకాండం 27 చెబుతుంది. సంఘపెద్దల ముందు "తొందరపడి అన్నాను, ఇది పిల్ల చదువు సొమ్ము, నా మిషన్ సంపాదనలోంచి ఇంత ఇస్తాను" అనొచ్చు. నన్నడిగితే మూడోదే మీ మనసుకి తేలిక. తొందరపడి మొక్కుకున్న యెఫ్తా మాట వెనక్కి తీసుకోలేక చివరికి బలిపెట్టింది కూతుర్ని. దేవునికి అర్పితమన్న పేరుతో తల్లిదండ్రులకి పెట్టవలసింది పెట్టకపోవడాన్ని మార్కు 7లో యేసు ఎంత గట్టిగా తిట్టాడో చూడండి, పిల్లలకి పెట్టవలసింది కూడా అలాంటిదే. ఒకవేళ గొలుసు కోసం ఎవరైనా ఒత్తిడి చేస్తే నయమాను కథ గుర్తు చెయ్యండి. కుష్ఠు పోయిన నయమాను తెచ్చిన కానుకల్ని ఎలీషా ప్రవక్త ముట్టుకోలేదు. వెంటపడి వెండీ, రెండు జతల బట్టలూ పుచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే వచ్చింది.

సంఘం మారాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి, దేనికదే ఖర్చుంది. ఆ సంఘంలోనే ఉండి, పాస్టరు గారితో మాట్లాడవచ్చు. వెళ్తే ఒంటరిగా వెళ్లకండి, ఒక పెద్దమనిషినీ, స్త్రీల సమాజంలో నమ్మకమైన ఒకావిణ్ణీ వెంట తీసుకెళ్లండి. "అయ్యగారూ, మాత్ర ఆపితే పాపకి దెబ్బ తగిలింది. మాత్ర వేస్తూనే ప్రార్థన చేయించుకుంటాం. సరేనంటే ఇక్కడే ఉంటాం" అని చెప్పి ఆగండి. చాలామంది పాస్టర్లు సరేనంటారు, వాళ్లలోనూ బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఉంటారు. ఆయన ఒప్పుకోకుండా దీన్ని కూడా అవిశ్వాసం కింద జమకడితే, అక్కడ ఉన్నన్నాళ్లూ పాప చెవిన పడే మాట అదే. అప్పుడు మీ అత్తవారి పాత లూథరన్ మందిరం వైపు చూడొచ్చు. అక్కడ చప్పట్లు, కన్నీళ్లు తక్కువ, మీకు చప్పగా ఉండొచ్చు. మీరు జ్వరంతో పడితే అన్నం తెచ్చిన ఆడవాళ్లు ఈ సంఘంలోవాళ్లని రాశారు, ఆ లోటు చిన్నది కాదు. మందిరం మారినా ఆ ఇద్దరు ముగ్గురినీ వదులుకోకండి. రోగి కోసం ప్రార్థన గురించి యాకోబు 5లో ఒక చిన్న వివరం ఉంది: రోగి పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థించాలి. పిలిచేది రోగి, వచ్చేది పెద్దలు. స్టేజీ, మైకు, వరస కట్టడం అందులో లేవు. పాపకి ఇష్టమైతే అలా ఇంటికి పిలిపించండి. ఇష్టం లేదంటే పిలవకండి.

ఉపవాసం దగ్గరికొస్తే, పాప చేత చేయించేది ఈ క్షణమే ఆపండి. ఫిట్స్‌ని తేలిగ్గా లాక్కొచ్చేవి రెండు: తప్పిన మాత్ర, తప్పిన నిద్ర. రాత్రంతా మెలకువ అంటే ఆ రెండోదాన్ని మన చేతులారా చెయ్యడమే. మీ ఉపవాసం మీ ఇష్టం, అయితే 23 రోజులు ఒక్క పూట తిని మిషన్ తొక్కుతున్నారు, లేస్తే కళ్లు తిరుగుతున్నాయని మీరే రాశారు. మిగిలిన 17 రోజులు మధ్యాహ్నం కూడా తినండి, కావాలంటే టీవీ మానండి, ఫోన్ మానండి. చచ్చిపోతే బాగుండునని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్త దగ్గరికి దూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు పెట్టి లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుని స్వరం వినిపించింది ఆ తర్వాత.

ఇంక మాట రాని ప్రార్థన. మీకు రాకపోవడానికి కారణం నాకు ఇలా తోస్తోంది: మీరు ఇన్నాళ్లూ ప్రార్థనలో దేవుడికి వినిపించాల్సినవి కాక, ఆయనకి చూపించాల్సినవి చెబుతున్నారు. నమ్ముతున్నాను, పొందుకున్నాను, స్తోత్రం. లోపల ఉన్నది కోపం, భయం, పాలగ్లాసు దొంగతనం. అది బయటికి రానిదే మిగతా మాట కదలదు. కీర్తనలు 150 ఉంటే దాదాపు మూడో వంతు మొఱ్ఱలే. వాటిలో చిన్నదొకటి 13వ కీర్తన, ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" తర్వాతి రెండూ అడగడం: నా వైపు చూడు, నా కళ్లకి వెలుగివ్వు. చివరి రెండూ నమ్మకం. ఫిర్యాదు ముందొచ్చింది, నమ్మకం చివరొచ్చింది.

పాప మాత్ర వేసుకునే వేళే మీ ప్రార్థన వేళ చేసుకోండి, పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. పది నిమిషాలు చాలు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఫిర్యాదు పేర్లతో, తేదీలతో రాయండి: "ఫలానా తారీకున స్కూలు మెట్ల మీద నా పిల్ల పెదవి చిట్లింది. నువ్వెక్కడున్నావు?" ఇలా అంటే దేవుడికి కోపం వస్తుందని భయపడకండి, ఇంతకంటే ఘాటుగా దావీదు అన్నాడు. తర్వాత ఒక్కటంటే ఒక్కటి అడగండి, అందేంత దగ్గరది: రేపు డాక్టరు దొరకాలి, ఈ వారం రాత్రిళ్లు పాపకి నిద్ర పట్టాలి. లోకమంతా చుట్టే ప్రార్థన వద్దు. చివరి భాగం రాకపోతే వదిలెయ్యండి. 88వ కీర్తన ఎక్కడా వెలుగులోకి రాదు, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. అడిగిందే అడుగుతున్నానని బెంగ పెట్టుకోకండి, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో శ్రమల గిన్నె తప్పించమని యేసు మూడుసార్లూ అవే మాటలు అన్నాడు. ఆయనకీ ఆ గిన్నె తప్పలేదు. పౌలు తన ఒంట్లో ముల్లులా బాధపెట్టేదాన్ని తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు ఉండిపోయింది. అడిగినవాళ్లందరికీ అడిగింది అందుతుందని మీకు నేను చెప్పలేను. అడిగినందుకు తన్ని తరిమేస్తాడని మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

భర్తకి శుక్రవారం ఫోన్ చెయ్యండి, కువైట్లో సెలవు. పాప కూడా పక్కన ఉండాలి. పాస్టరు ఊసెత్తకుండా, డాక్టరు ఏం చెప్పారో చెప్పండి. ఆయన విసురుగా అన్న మాట వెనక, తనకి చెప్పకుండా మందు ఆపారన్న ఉక్రోషం ఉంది. అది మీరు ముందే ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇక ఆ శుక్రవారం రాత్రి. పాపని తీసుకెళ్లకండి. కబురొస్తే "డాక్టరు రాత్రి మెలకువ వద్దన్నారు, పది లోపు పడుకోవాలి" అని ఒక్క ముక్క చెప్పండి, ఎక్కువ వివరించకండి. అలా అడిగితే ఏ నరాల డాక్టరైనా ఆ మాటే అంటారు, రేపు ఫోన్లో అడిగి ఉంచుకోండి. మీకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టడం అత్తగారికి చేసి చూపించి, 108 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి, రాత్రి మాత్ర పాప మీ ఎదుటే మింగాక.